ఒక యజ్ఞవేదిక – ఆరు శాస్త్రాలు



గత వైశాఖమాసంలో ఒక సాయంకాలం, ప్రదోషపూజ ముగిసిన తరువాత, చిరకాలంగా మా ఆలయానికి వచ్చే ఒక గృహస్థు తమ కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. ఆ బాలుడు ఇంటర్మీడియట్‌లో ఉత్తమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. "పంతులుగారూ, వీడికి ఇంజనీరింగులో మంచి సీటు వచ్చేట్లున్నది. వీడేమో చరిత్ర చదువుతానంటున్నాడు. శాసనాలు చదువుతాడట! వీడి బుద్ధి మారేట్లు స్వామివారికి అర్చన చేయండి" అని కోరారు. బాలుడు తల వంచుకొని నిలబడ్డాడు. నేను గోత్రనామాలు చెప్పి, సంకల్పంలో విద్యాభివృద్ధిని మాత్రమే ప్రార్థించాను. ఏ విద్య అన్నది స్వామికే వదిలిపెట్టాను. ప్రసాదం అందుకొంటూ ఆ తండ్రి మరొక మాట అన్నారు: "సైన్సు నిజం చెబుతుంది. మిగిలినవన్నీ కబుర్లే కదండీ! మన శాస్త్రాలు మాత్రం ఏమంటాయి?"

భక్తులు వరుసలో వేచి ఉండగా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే అవకాశం లేకపోయింది. అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. నేడు ఇంటింటా వినిపిస్తున్న ప్రశ్న. అందువల్ల నాకు తెలిసినంతలో ఇక్కడ విన్నవించుకొంటున్నాను.

నారదమహర్షి చదివిన చదువులు

విద్యల వైవిధ్యాన్ని గురించి మన వాఙ్మయంలో కనిపించే అతిప్రాచీనమైన పట్టికలలో ఒకటి ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో ఉన్నది. నారదుడు సనత్కుమారుల సన్నిధికి వెళ్లి ఉపదేశం కోరగా, నీకు ముందుగా తెలిసినదేమిటో చెప్పమంటారు ఆయన. నారదుడు నాలుగు వేదాలతో ఆరంభించి ఇతిహాసపురాణాలు, వ్యాకరణం, పిత్ర్యం, రాశి, దైవం, నిధి, వాకోవాక్యం, ఏకాయనం, భూతవిద్య, క్షత్రవిద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య మొదలైనవి ఏకరువు పెడతాడు. రాశి అంటే గణితమనీ, వాకోవాక్యం అంటే తర్కమనీ, ఏకాయనం అంటే నీతిశాస్త్రమనీ శంకరభగవత్పాదులు భాష్యంలో వివరించారు.

ఈ పట్టికను శ్రద్ధగా గమనించండి. గణితం పక్కన ఇతిహాసం ఉన్నది. నక్షత్రవిద్యకు ముందు తర్కమూ నీతీ ఉన్నవి. నేడు విజ్ఞానశాస్త్రాలనీ మానవీయశాస్త్రాలనీ మనం గీసుకొన్న గీత అక్కడ లేదు. ఇంతటి పండితుడు "నేను మంత్రవేత్తనే కాని ఆత్మవేత్తను కాను, శోకిస్తున్నాను" అన్న భావంతో విలపిస్తాడు. అప్పుడు సనత్కుమారులు ఆ విద్యలను తృణీకరించలేదు. అవన్నీ నామమే అన్నారు. అనగానే ఆ నామాన్ని ఉపాసించమనీ అన్నారు. ఆ మొదటి మెట్టు మీదనే అడుగుపెట్టించి వాక్కు, మనస్సు, సంకల్పం, చిత్తం, ధ్యానం, విజ్ఞానం అంటూ క్రమంగా భూమతత్త్వం వరకు తీసుకువెళ్లారు. మెట్టు గమ్యం కాదు, నిజమే. కాని మెట్టును విరగగొట్టినవాడు ఎక్కడికీ చేరడు.

ఒక కర్మ – ఆరు ప్రశ్నలు

ఈ విద్యలు ఎలా పుట్టాయి? వేదాంగాల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణం. యజ్ఞం చేయబూనిన యజమానికి ఆరు ప్రశ్నలు ఎదురయ్యాయి. మంత్రాన్ని ఎలా ఉచ్చరించాలి? ఏ పదరూపం సాధువు? ఆ పదానికి అర్థమేమిటి? పాదానికి ఎన్ని అక్షరాలు? కర్మ ఏ కాలంలో చేయాలి? ఏ విధంగా చేయాలి, వేదికను ఎలా నిర్మించాలి? ఈ ఆరింటికి సమాధానాలుగా శిక్ష, వ్యాకరణం, నిరుక్తం, ఛందస్సు, జ్యోతిషం, కల్పం ఏర్పడ్డాయి. నేటి విశ్వవిద్యాలయంలో వీటిని వేర్వేరు భవనాలలో బోధిస్తారు. ఆనాడు ఇవన్నీ ఒకే వేదిక చుట్టూ కూర్చున్న సోదరులు.

కల్పంలో భాగమైన శుల్బసూత్రాలను చూడండి. శుల్బం అంటే త్రాడు. గార్హపత్యం వృత్తాకారం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధవృత్తం. మూడింటి వైశాల్యమూ సమానంగా ఉండాలి. శ్యేనచితిలో అయిదు చితులు, చితికి 200 ఇటుకలు, మొత్తం 1000. ఒక వరుసలోని అతుకు మీద పై వరుసలోని అతుకు పడకూడదు. ఇది ఊహతో అయ్యే పని కాదు. త్రాడు, మేకులు, లెక్క కావాలి. మేము అనుసరించే ఆపస్తంబసూత్రంలో చతురస్రపు కర్ణాన్ని కొలిచే విధానం ఉన్నది: భుజానికి దాని మూడవ వంతు కలపాలి, ఆ మూడవ వంతులో నాల్గవ వంతు మళ్లీ కలపాలి, ఆ నాల్గవ వంతులో ముప్పైనాల్గవ వంతు తీసివేయాలి. భుజం ఒకటి అయితే ఫలితం 1.4142156. ఆధునిక గణితం చెప్పే విలువ 1.4142135. దశాంశబిందువు తరువాత అయిదు స్థానాలు సరిపోతున్నాయి. సూత్రకారులు దీనిని 'సవిశేషం' అన్నారు. ఇది పూర్ణమైన విలువ కాదు, కొంత విశేషం మిగిలి ఉన్నదని ఎఱిగియే ఆ పేరు పెట్టారని కొందరు పండితుల అభిప్రాయం.

శిక్షాశాస్త్రం వేరొక మార్గాన నడిచింది. అక్కడ కొలత లేదు; చెవి ఉన్నది, నాలుక ఉన్నది. ఏ వర్ణం ఏ స్థానంలో, ఏ ప్రయత్నంతో పుడుతుందో ఆచార్యులు తమ ముఖాన్నే ప్రయోగశాలగా చేసుకొని నిర్ణయించారు. మంత్రం చెడకుండా పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం ఏర్పరచారు. ఘనపాఠంలో మూడు పదాలను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అన్న వరుసలో చెబుతారు. ఎక్కడ ఒక స్వరం జారినా తరువాతి ఆవృత్తిలో పట్టుబడుతుంది. పాఠశాలలో ఒక స్వరం తప్పితే మా గురువుగారు పన్నం మొత్తం మొదటినుండి చెప్పించేవారు. అప్పుడు కష్టమనిపించేది. అది దోషాన్ని వెదికి పట్టుకొనే పద్ధతి అని చాలా ఏండ్లకు గాని నాకు అర్థం కాలేదు.

ఛందస్సు కవులకు మాత్రమే సంబంధించినదనుకొంటాము. లఘుగురువులు రెండే కనుక మూడక్షరాలకు ఎనిమిది గణాలు వస్తాయి; ఈ లెక్కను విస్తరింపజేసే ప్రస్తారవిధిని పింగళాచార్యులు చెప్పారు. 10వ శతాబ్దంలో హలాయుధుడు దానిని మేరుప్రస్తారంగా విశదీకరించాడు. అక్షరాలు కాక మాత్రలు లెక్కిస్తే మరొక విచిత్రం. ఒక మాత్రకు ఒకటి, రెండింటికి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది రూపాలు వస్తాయి. ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు స్పష్టంగా చెప్పిన ఈ శ్రేణి, 1202లో ఇటలీ దేశీయుడైన ఫిబొనాచీ గ్రంథంలో కనిపించి నేడు ఆయన పేరుతోనే లోకంలో చెలామణి అవుతున్నది. తెలుగువారికి దీని సాక్ష్యం ఇంట్లోనే ఉన్నది. కందపద్యంలో వాడే గగ, భ, జ, స, నల అన్న గణాలు సరిగ్గా అయిదు. నాలుగు మాత్రలకు సాధ్యమైన రూపాలన్నీ అవే. కందం చదివిన ప్రతి బాలుడూ తెలియకుండానే ఈ గణితాన్ని ముట్టుకొన్నాడు.

విపాశా తీరంలోని బావులు

వ్యాకరణం ఏం చేసింది? శలాతురవాసి అయిన పాణినిమహర్షి దాదాపు 4000 సూత్రాలలో ఒక భాషనంతటినీ బంధించారు. ఆయన కేవలం ఆసనం మీద కూర్చొని నియమాలు కల్పించలేదు. ప్రాచ్యులు ఎలా అంటారో, ఉదీచ్యులు ఎలా అంటారో వేర్వేరుగా నమోదు చేశారు. శాకల్యుడు, గార్గ్యుడు, శాకటాయనుడు మొదలైన పూర్వాచార్యుల మతాలను పేరు పెట్టి స్మరించారు. విపాశానదికి ఉత్తరతీరంలో ఉన్న బావుల పేర్లకు ఒక ప్రత్యయం, తక్కిన చోట్ల మరొకటి. పదరూపం ఒకటే, స్వరంలో మాత్రమే భేదం. ఆ స్వల్పభేదానికి కూడా ఒక సూత్రం కేటాయించారు. కాశికావృత్తికారులు అక్కడ ఆగి, సూత్రకారుల సూక్ష్మదృష్టికి ఆశ్చర్యపోయారు. ఒక నదికి రెండు ఒడ్డుల జనులు బావి పేరును ఎలా పలుకుతారో వినడం పరిశోధన కాదా? కబుర్లేనా?

పతంజలిమహర్షి మహాభాష్యంలో ఒక చక్కని పోలిక చెప్పారు. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్లి చేయించుకొంటాడు. మాటలు కావలసినవాడెవ్వడూ వైయాకరణి ఇంటికి వెళ్లి చేసిపెట్టమని అడగడు. లోకవ్యవహారమే ముందు, శాస్త్రం తరువాత. పాణిని, కాత్యాయన, పతంజలులనే మునిత్రయంలో అభిప్రాయభేదం వచ్చినప్పుడు తరువాతివారి మాటకే ఎక్కువ ప్రామాణ్యమని వైయాకరణ సంప్రదాయం. పూర్వుడు గొప్పవాడు కనుక ఉత్తరుడు నోరు మూసుకోవాలని మన శాస్త్రం అనలేదు.

నిరుక్తంలో యాస్కాచార్యులు మరింత సాహసించారు. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని వాదాన్ని దాచక, ముందుగా వినిపించి, తరువాత సమాధానం చెప్పారు. వృత్రుడెవరు అన్న ప్రశ్నకు, మేఘమని నైరుక్తులంటారు, త్వష్టృపుత్రుడైన అసురుడని ఐతిహాసికులంటారు అని రెండు మతాలూ చూపించారు. ఒకే మంత్రం, చూచే శాస్త్రం మారితే కనిపించే అర్థం మారింది.

సూర్యుని మాట, వ్రతం మాట

ఇక జ్యోతిషం. లగధుని వేదాంగజ్యోతిషంలో యుగం అంటే అయిదు సంవత్సరాలు, 1830 దినాలు, 62 చాంద్రమాసాలు. సంవత్సరానికి 366 దినాలన్నమాట. వాస్తవసంవత్సరం కంటె ఇది సుమారు ముప్పాతిక దినం ఎక్కువ. ఒక్కొక్క యుగానికి నాలుగు రోజులకు కొంచెం తక్కువగా తేడా వస్తుంది. దానిని అలాగే పట్టుకొని కూర్చుంటే వసంతంలో చేయవలసిన కర్మ గ్రీష్మంలో పడుతుంది. అందుకే సిద్ధాంతులు లెక్కను మళ్లీ మళ్లీ సంస్కరించారు.

కేరళదేశంలో వటశ్శేరి పరమేశ్వరులు యాభై అయిదు సంవత్సరాలు గ్రహణాదులను కంటితో చూచి, లెక్కతో పోల్చి, 1431లో దృగ్గణితాన్ని ప్రవర్తింపజేశారు. ఆ పరంపరలోని నీలకంఠ సోమయాజి సోమయాగం చేసిన శ్రౌతి. ఆయనే 'జ్యోతిర్మీమాంస' రచించి, గణితానికీ ఆకాశంలో కనిపించేదానికీ భేదం వచ్చినప్పుడు పరీక్షించి గణితాన్నే సరిదిద్దుకోవాలని నిరూపించారు. ఆయనకు వేదం మీద శ్రద్ధ తగ్గిందని ఎవరనగలరు? మన ఆంధ్రదేశంలోనూ ఈ జిజ్ఞాస ఉన్నది. మల్లికార్జునసూరి 12వ శతాబ్దంలోనే సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రచించాడు. 19వ శతాబ్దంలో విశాఖపట్టణంలో గోడె వేంకట జగ్గారావుగారు సొంతంగా వేధశాల నిర్మించారు. తరువాత అంకితం వేంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించారు.

ఇక్కడ భక్తులు గుర్తుంచుకోవలసిన వివేకం ఒకటున్నది. సూర్యుడు ఆకాశంలో ఎక్కడ ఉన్నాడన్నది దృక్కు చెప్పవలసిన మాట. ఆనాడు ఏ వ్రతం చేయాలన్నది ధర్మశాస్త్రం చెప్పవలసిన మాట. మొదటిదానిని ధర్మశాస్త్రంతో నిర్ణయించరాదు. రెండవదానిని దూరదర్శినితో నిర్ణయించరాదు. శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో నిష్కర్షగా చెప్పారు: అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాదు. ప్రత్యక్షానికి గోచరించే విషయంలో శ్రుతికి వ్యాపారం లేదు; ప్రత్యక్షానికి అందని విషయంలోనే శ్రుతి ప్రమాణం. ఏ ప్రమాణానికి ఆ క్షేత్రం.

నా దోషం ఒకటి

ఈ మాటలు చెప్పే అర్హత నాకు పుట్టుకతో రాలేదు. ఇరవై ఏండ్ల క్రితం ప్రవచనాలలో విమానాలు, అణువిద్య, కంప్యూటర్లు అన్నీ వేదంలో ఉన్నాయని ఉత్సాహంగా చెబుతుండేవాణ్ణి. సభలో చప్పట్లు మ్రోగేవి. ఒకనాడు ఒక విశ్రాంత గణితోపాధ్యాయులు ప్రసాదం తీసుకొన్న తరువాత మెల్లగా, "ఏ శాఖలో, ఏ ప్రశ్నంలో ఉన్నదో చెబితే వ్రాసుకొంటానండీ" అన్నారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆయన నవ్వలేదు. "శుల్బసూత్రాలలో ఉన్నదానికి మనమిద్దరం నమస్కారం పెడదాం. లేనిదానిని ఉన్నదంటే, ఉన్నదానిని కూడా ఎవరూ నమ్మరు" అని వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదవకుండా పొగడడం కూడా ఒక విధమైన అవమానమే అని నాడు తెలిసింది.

అటువంటిదే మరొక విషయం. తెలుగు సంస్కృతం నుండి పుట్టిందని చిన్ననాడు విని నమ్మాను. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే దొర తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో పుట్టుక పంచుకొన్నదనీ నిరూపించిన సంగతి తరువాత చదివాను. మొదట మనస్సు నొచ్చుకొన్నది. ఇంకా చదివితే తెలిసింది: ఆయన చేతిలోని సాధనాలు మనవే. తత్సమ, తద్భవ, దేశ్య విభాగం మన లాక్షణికులది. ధాతువులను పోల్చిచూడడానికి ఆధారమైన తెలుగు ధాతుమాల వేదం పట్టాభిరామశాస్త్రిగారు కూర్చినది. ఇల్లు, నీరు, కన్ను, చెవి వంటి మాటలు తమిళంలో ఇల్, నీర్, కణ్, చెవి అని ఉన్నాయి; ఇవి సంస్కృతం నుండి వచ్చినవి కావు. శాస్త్రి అయినవాడు సత్యానికి సాయపడ్డాడు. దానివల్ల సంస్కృతానికి లోపమేమీ కలుగలేదు; తెలుగుకు తన పుట్టిల్లు తెలిసింది. గ్రహణాన్ని లెక్కించడం ఎంతటి శాస్త్రమో, ఒక మాట పుట్టుకను నిర్ణయించడమూ అంతటి శాస్త్రమే. పరీక్షించే పనిముట్లు మాత్రం వేరు.

రాతిమీది అక్షరాలు

మా ఆలయంలో ధ్వజస్తంభం పక్కన ఒక రాయి ఉన్నది. దానిమీద పాత అక్షరాలున్నాయి. మా తాతగారి కాలం నుండి పసుపు కుంకుమలు పెడుతున్నాము, దీపం వెలిగిస్తున్నాము; చదివినవారు లేరు. కడపజిల్లా కలమళ్ళ ఆలయప్రాంగణంలోని రాతిని చదివినవారు ఉండబట్టే, ఎరికల్ ముతురాజు ధనంజయుని నాటికే, అంటే క్రీ.శ. 575 ప్రాంతంలోనే, తెలుగులో శాసనం వేశారని మనకు తెలిసింది. ఏ గుడికి ఎవరు భూమి ఇచ్చారో, ఏ దీపానికి ఎవరు ఆవులనిచ్చారో రాళ్లే చెప్పాలి. ఆ వాక్కును వినగలిగేది శాసనపరిశోధకుడే.

జ్యేష్ఠమాసంలో ఆ తండ్రీకొడుకులు మళ్లీ వచ్చారు. నేను ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "నాయనా, ఆ రాతిమీద ఏమున్నదో చూడు" అన్నాను. బాలుడు తడిగుడ్డతో పసుపు మెల్లగా తుడిచి, పక్కనుండి దీపపు వెలుగు పడేట్లు పట్టుకొని, చాలాసేపు వంగి చూశాడు. మొదటి పంక్తిలో 'స్వస్తిశ్రీ' అన్న అక్షరాలు వేలితో చూపించాడు. "మిగిలినవి నాకింకా రావండీ, నేర్చుకోవాలి" అన్నాడు. తండ్రి ఏమీ అనలేదు. చెప్పులు విడిచి వచ్చి, కుమారుని పక్కన కూర్చొని, దీపం తాను పట్టుకొన్నారు.

వారి నిర్ణయం ఏమైనదో నేను అడగలేదు. ఇంజనీరింగు చదివినా శుల్బకారుల వారసుడే అవుతాడు. చరిత్ర చదివినా యాస్కపాణినుల వారసుడే అవుతాడు. భక్తమహాశయులను నేను కోరేది ఒక్కటే. పిల్లలు ఏ విద్యను ప్రేమిస్తున్నారో అడగండి. ఆ విద్య సత్యాన్ని ఎలా పరీక్షిస్తుందో వారితోపాటు మీరూ తెలుసుకోండి. ఒక విద్యను పొగడడానికి మరొకదానిని కించపరచవద్దు. నారదుడు ఏ ఒక్క విద్యనూ వదలకుండా చదివి వచ్చాడు కనుకనే, ఇంకా తెలుసుకోవలసినది ఉన్నదని గుర్తించగలిగాడు.

స్వస్తి.